లంబాలైన్‌లో హంసల గ్రిల్లు

సునామీ వచ్చిన మరుసటి వేసవి సెలవుల్లో మా నాన్న మమ్మల్ని సిటీ చూపిస్తానని పోర్ట్‌బ్లెయిర్ తీసుకెళ్లాడు. పోర్ట్‌బ్లెయిర్‌ని సిటీ అనడం మా మాయాబందర్ వాళ్లకే చెల్లింది. బస్సులో పొద్దంతా ఒళ్లు హూనం చేసుకుని, మధ్యలో బస్సుతో సహా ఫెర్రీలెక్కి వెళ్లాం కాబట్టి, అది సిటీయే అయ్యుండాలని మమ్మల్ని మేమే నమ్మించుకున్నాం.

సిటీ చూపించడం పైకి చెప్పిన మాట. అసలు సంగతి, స్కూలు మాస్టారైన మా నాన్న పోర్ట్‌బ్లెయిర్‌కి ట్రాన్స్‌ఫర్ అడిగి ఉన్నాడు. మా బాబాయి ఇంటి మేడ ఖాళీగా ఉంది. అమ్మ ఊఁ అంటే స్కూళ్లు తెరిచేలోగా కాపురం అక్కడికి మారిపోతుంది. అమ్మ ఊఁ అనడం లేదు. సునామీ వచ్చిన ఆ ఆదివారం పొద్దున భూమి అదిరాక పక్కింటి బెంగాలీ దీదీ "పానీ ఆ రహా హై" అని అరుస్తూ వీధిలో ఒక్కో తలుపూ బాదుకుంటూ పోయింది. అమ్మ చెల్లిని చంకనేసుకుని, నన్ను రెక్క పట్టుకుని, చెప్పుల్లేకుండా కొండెక్కింది. నీళ్లు మా గుమ్మం దాకా వచ్చి వెళ్లాయి. అప్పట్నుంచీ అమ్మ ఎవరింటికెళ్లినా ముందు రెండే చూసేది: బయటికి దారెటు, పైకి దారెటు.

బాబాయి ఇల్లు లంబాలైన్‌లో. విమానాలు నెత్తిమీద నుంచే దిగేవి. ప్రతి విమానాన్నీ తన సొంత ఖర్చుతో రప్పించినట్టు బాబాయి మమ్మల్ని డాబా ఎక్కించి చూపించేవాడు. పిన్ని మిడిల్ పాయింట్ బజారుకి తీసుకెళ్లి అద్దాల తలుపున్న బట్టల కొట్టు చూపించింది. లోపలికి తీసుకెళ్లలేదు, చూపించింది అంతే. ఇంత సిటీలోనూ కొళాయి మూడోరోజుకోసారి వచ్చేది. మా నలుగురి స్నానాలకీ తలో సగం బకెట్ ఇచ్చి, ఆ సగమూ వృథా చేస్తామేమోనని పిన్ని తలుపు బయటే కాపలా కాసేది. పైన పటారం, లోన లొటారం.

వాళ్ల అన్ని గొప్పల్లోకీ పెద్దది వరండాకి బిగించిన గ్రిల్లు. చెన్నై నుంచి ఓడలో తెప్పించారట. రెండు ఇనప హంసలు ముక్కులు ఆనించుకుని ఉంటాయి, వాటి మెడల మధ్య కాస్త ఖాళీ. ఇంట్లోంచి బయటికి అదొక్కటే దారి. మేడ మెట్లు కూడా ఆ గ్రిల్లు లోపలే. దానికి లోపల్నుంచి పగలూ రాత్రీ తాళం.

వెళ్లిన రోజే అమ్మ అడిగింది. "ఏటి బాబూ, పగలు కూడా తాళమేనా? అదురొస్తే ఎలగెల్తారు?"

"అరే వదినా, టెన్షన్ మత్ లో," అని బాబాయి నవ్వాడు. "ఇది సిటీ. సునామీ పనులకని మెయిన్‌లాండ్ నించి ఎవులెవులో దిగిపోనారు. తాళం లేకపోతే ఇల్లు సాఫ్."

మా తాత కూడా ఒకప్పుడు శ్రీకాకుళం నుంచి కూలిపనికే దిగాడు. ఆ సంగతి బాబాయికి గుర్తుండదు.

"మీది జంగిల్ కదక్కా," అంది పిన్ని. "మీకు తాళాలతో పనేటుంది."

మేము బయల్దేరే ముందు రోజు కొళాయి వచ్చింది. కొళాయి వస్తే పిన్నికి పూనకమే. దొరికిన బట్టనల్లా సబ్బునీళ్లలో నానేసింది. మధ్యాహ్నం అందరం భోజనాలకి కూర్చున్నాం. భయపడేవాళ్లనే సముద్రం వెతుక్కుంటూ వస్తుందని బాబాయి అమ్మకి ధైర్యం నూరిపోస్తున్నాడు. అంతలో కంచాలు కదిలాయి. ఆ రోజుల్లో చిన్న చిన్న అదురులు మాకు మామూలే. ఇది ఆగలేదు. గోడ మీద ఫొటో ఊడిపడింది.

అందరికంటే ముందు లేచింది బాబాయే. అన్నం గిన్నె మీంచి దూకి గ్రిల్లు దగ్గరికి పరుగెత్తాడు. జేబు తడుముకున్నాడు. లుంగీకి జేబెక్కడిది? తాళంచెవి ప్యాంట్లో ఉంది.

"ప్యాంటేదే?" అని అరిచాడు.

"నానబెట్టీసేను!" అని పిన్ని పెరట్లోకి పరుగెత్తింది. పెరడంటే చుట్టూ గాజుపెంకులు గుచ్చిన ఎత్తు గోడే, అటు దారి లేదు.

బాబాయి పిన్ని వెనకాల వెళ్లలేదు. హంసల మెడల మధ్య తల దూర్చాడు. భుజం పట్టలేదు. తల వెనక్కి లాక్కునేసరికి చెవులు కందిపోయాయి. మా నాన్న తమ్ముడి వెనకే నిలబడి "తాళం, తాళం" అని జపం చేస్తున్నాడు. బయట వీధి వీధంతా ఎగువ రోడ్డు వైపు పరుగెడుతోంది.

అమ్మ నా భుజాల వైపు ఒకసారి చూసింది. చూసి, చెల్లిని ఎత్తుకుంది. అప్పటికి చెల్లికి మూడేళ్లు. దాని కాళ్లు ముందు బయటికి దూర్చి, తల వంచి, హంసల మధ్య నుంచి అవతలికి పంపింది. ఎదురింటి తమిళావిడ పిల్లలతో పరుగెడుతోంది. "దీదీ! ఇస్కో పకడో! ఊపర్ లేకే జావ్!" అని అమ్మ అరిచింది. ఆవిడతో మాకు పరిచయమైనా లేదు. ఒక్క మాటా అడక్కుండా చెల్లిని అందుకుని పరుగెత్తింది. చెల్లి ఏడుపు రోడ్డు పొడుగునా వినిపించింది. అమ్మ గ్రిల్లు దగ్గర్నుంచి వెనక్కొచ్చి నా చెయ్యి పట్టుకుంది. నా మొహంలోకి మాత్రం చూడలేదు. నాకు ఏడుపొచ్చింది, అమ్మ మీద కాదు, ఆ హంసల మీద.

అదురు ఆగిపోయింది. పిన్ని తడి ప్యాంటుతో వచ్చింది. సబ్బు నురగలో తాళంచెవి జారిపోతుంటే బాబాయి ఎలాగో తాళం తీశాడు. సముద్రం ఆ రోజు రాలేదు. చెల్లి ఎగువన ఆ తమిళావిడ చంకలో బిస్కెట్ తింటూ కనిపించింది.

సాయంత్రానికి బాబాయికి నోరు తిరిగొచ్చింది. "ఏటి వదినా, ఇంత సిన్న అదురుకే పిల్లని వీధిలోకి ఇసిరీసేరు!" అని పగలబడి నవ్వాడు. పిన్ని నవ్వింది. సిగ్గులేకుండా మా నాన్న కూడా నవ్వాడు. బాబాయి చెవులింకా ఎర్రగానే ఉన్నాయి, వాటిని చూసి ఎవరూ నవ్వలేదు. చీకటి పడగానే బాబాయి లేచి, ఆరబెట్టిన తాళంచెవి తీసుకుని గ్రిల్లుకి మళ్లీ తాళం వేశాడు. ఆ చప్పుడుకి అమ్మ తలెత్తి చూసింది.

మర్నాడు బస్సు లంబాలైన్ దాటి చాలా దూరం వచ్చాక నాన్న మెల్లగా మొదలుపెట్టాడు. మేడ మీద గాలి బాగుందన్నాడు. పెద్దదానికి, అంటే నాకు, మంచి స్కూలు దగ్గరన్నాడు. తమ్ముడికి తాళం సంగతి తను చెప్తానన్నాడు. చెల్లి అమ్మ ఒళ్లో నిద్రపోతోంది. అమ్మ కిటికీలోంచి చూపు తిప్పలేదు.

"ఆ హంసల సందులో పెద్దది పట్టదండీ," అంది.

నాన్న తిరిగి నా వైపు చూశాడు. ట్రాన్స్‌ఫర్ మాట మా ఇంట్లో మళ్లీ వినపడలేదు.