పచ్చ వైరు చూపించిన రోజు

మొన్న గుంటూరులో మా అల్లుడి కారు ఏసీ ఉన్నట్టుండి వేడిగాలి కొడితే షెడ్డుకు తీసుకెళ్లాం. మమ్మల్ని అద్దాల గదిలో కూర్చోబెట్టి, కారుకేదో మిషను తగిలించి, ప్రెషర్ సెన్సర్ సర్క్యూట్‌లో లోపమని నిమిషంలో తేల్చేశారు. అల్లుడు మెచ్చుకుంటూనే ఉన్నాడు గానీ, నా మనసు ఎనభైల చివర్లో నరసరావుపేట పల్నాడు రోడ్డులో మా ఆయన నడిపిన ఆటో ఎలక్ట్రికల్ షాపు దగ్గరికి వెళ్లిపోయింది.

మా ఆయనకు ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలిసేది కాదు. చిన్నప్పుడు గురజాల దగ్గర వాళ్ల చేలో మిరపకాయలు కోయమంటే పండుకాయతో పాటు పచ్చికాయా తెంపేస్తుంటే, పని దొంగవని మా మామగారు తిట్టి మోటారు బళ్ల పనికి పంపించారట. ఆ పనిలోనూ అన్నీ రంగు వైర్లేనని తెలిసేసరికి, అప్పటికే ఆయనకు దాని మీద ప్రేమ పుట్టేసింది. పెళ్లైన కొత్తలో ఈ సంగతి నాకొక్కదానికే చెప్పి, బయట తెలిస్తే మన చేతిలో బండి పెట్టేవాడుండడని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. అప్పట్నుంచి అన్నం క్యారియరు వంకన నేను షాపుకు వెళ్లడం, చిక్కు పనులన్నీ ఆయన మధ్యాహ్నానికి అట్టేపెట్టడం, ఎవరూ చూడకుండా నేను రంగులు గొణగడం. మొగుణ్ణి వదిలి పూట ఉండలేదని బజారంతా ఆటపట్టిస్తే సిగ్గుపడ్డట్టు నటించేదాన్ని.

ఒక వేసవిలో చిలకలూరిపేట నుంచి ఓ జిన్నింగు మిల్లు యజమాని ఏసీ బిగించిన కారు తెచ్చారు. మన కాలం వాళ్లకు చెప్పనక్కర్లేదు, అప్పట్లో అలాంటి కారు వస్తే చూడ్డానికే జనం మూగేవాళ్లు. గ్యాసు నిండుగా ఉందట, గ్యాసు సరిపడా ఉంటేనే కంప్రెసర్‌ను నడవనిచ్చే ప్రెషర్ స్విచ్ కొత్తది వేయించారట, అయినా కంప్రెసర్ పట్టుకోవడం లేదు, చల్లగాలి రావడం లేదు. మా ఆయన ఆ స్విచ్‌కొచ్చే రెండు వైర్లూ ఊడదీసి ఒకదానికొకటి కలిపి చూశారు. అప్పటికీ కదల్లేదంటే స్విచ్‌ది తప్పు కాదన్నమాట. టెస్టు లైటు పెడితే వెలగలేదు, కరెంటే అక్కడిదాకా రావడం లేదు. ఇక డాష్‌బోర్డు కింది వైర్ల కట్టలోంచి స్విచ్‌కు కరెంటు తెచ్చే ఆకుపచ్చ వైరును పట్టుకుని వెతుక్కుంటూ రావాలి. దాని పక్కనే ఎర్రది ఉంది.

యజమాని చేతులు కట్టుకుని ఆయన భుజం మీదుగా వంగి చూస్తున్నారు, కదలరు. గొణిగే వీల్లేదు. రెండు వైర్ల మధ్య ఆయన చెయ్యి ఆగిపోయింది, మెడ మీద చెమట కారుతోంది. అది చూసి తట్టుకోలేకపోయాను. క్యారియరు కింద పెట్టి, కారులోకి వంగి, ఆయన వేలు పట్టుకుని పచ్చదాని మీద పెట్టాను. కోప్పడతారనుకున్నాను. ఆయన నా మొహంలోకి చూసి, యజమాని వైపు తిరిగారు.

"నాకు రంగులు తెలవవండీ. ఈమె చెప్పుద్ది, నేను చేస్తా."

ఇన్నాళ్లూ దాచుకున్నదంతా ఆ ఒక్క మాటతో బయటపడింది. యజమాని మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు.

"అయితే అమ్మాయికి కుర్చీ వెయ్యవయ్యా, ఎండలో నిలబెట్టి చెప్పించుకుంటావేంది."

ఆ వైరు ఇంజనుకూ డాష్‌బోర్డుకూ మధ్య గోడకున్న రంధ్రం దగ్గర రేకు అంచుకు ఒరుసుకుని తెగి ఉంది. అతికించగానే కంప్రెసర్ టక్కున పట్టుకుంది, కాసేపటికి చల్లగాలి మా ఇద్దరి మొహాలకూ తగిలింది. ఆ తర్వాత షాపు మూసేదాకా రంగులు గట్టిగానే చెప్పాను, బళ్లు తగ్గలేదు సరికదా, పెరిగాయి.

ఇప్పుడు పని చేసేవాళ్లు అద్దానికి అవతల, మనం ఇవతల. లోపం తొందరగా దొరుకుతోంది, మంచిదే, కాదనను. కానీ ఒక పని మీదికి ఇద్దరు మనుషులు తలలు ఆనించి వంగడం నాకిక ఎక్కడా కనబడదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. నేనెక్కిన ఆటో సిగ్నల్ దగ్గర ఆగి, లైటు మారినప్పుడు, ఎవరూ అడక్కపోయినా, పచ్చ అని పైకే అంటాను.