ఏడాదికి సరిపోయే సిలిండర్

నిన్న పొద్దున వేల్పూర్ నుంచి మా చెల్లెలి మనవరాలు ఫోన్ చేసి, "తాతా, చేపల తొట్టిల మొక్కలు పెంచుతున్న. వాటికి గ్యాసందనీకి చక్కెర సీసా పెట్టాల్నా, సిలిండర్ కొనాల్నా?" అని అడిగింది. తొట్టి చిన్నదై, రోజూ చూసుకునే ఓపిక ఉంటే చక్కెర సీసా చాలనీ, పెద్దదైతే సిలిండర్ మేలనీ, ఏది పెట్టినా చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే గ్యాసు ఎక్కువైనట్టేననీ చెప్పి ఫోన్ పెట్టేశాను. ఆ తర్వాత మా తొట్టే కళ్ళ ముందు మెదిలింది.

నేను బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ ప్రయోగశాలలో పనిచేసే రోజుల్లో మాకో చిన్న క్వార్టర్ ఉండేది. చెరకు ఆడే నెలల్లో ఆరేసిన బట్టలకు కూడా మడ్డి వాసన పట్టేది. పిల్లలు లేని ఇల్లు కదా, పొద్దు గడవక నా భార్య ఒక గాజు తొట్టి తెప్పించుకుని, కాలువలో దొరికే నాచుమొక్కలు తెచ్చి నాటింది. అవి ఎంతకీ ఎదగలేదు. నీళ్ళలో ఉన్న మొక్కకైనా బొగ్గుపులుసు వాయువు కావాలని నేనంటే, ఫ్యాక్టరీ చదువంతా ఇంట్లోకి తెచ్చానని నవ్వింది. మర్నాడు ఒక సీసాలో చక్కెర నీళ్ళూ, బేకరీ నుంచి తెచ్చిన ఈస్టూ కలిపి, మూతకు సెలైన్ గొట్టం బిగించి తొట్టిలోకి వదిలాను. రెండు వారాలకు ఆకులు పచ్చబడి, వాటి అంచుల మీద సన్నటి బుడగలు నిలిచాయి. ఇక అప్పట్నుంచి ఆ సీసా ఆమెదే అయింది. ఎండాకాలం అది పొంగిపోయేది, చలికాలం మొద్దుబారేది. చలికి ఆమె దానికి నా పాత మఫ్లర్ చుట్టబెట్టేది, పసిబిడ్డకు చుట్టినట్టు.

ఫ్యాక్టరీ పని ముగిశాక నిజామాబాద్ వచ్చి స్థిరపడ్డాం. తొట్టీ మాతోనే వచ్చింది. కొన్నేళ్ళ కింద ఆమెకు జబ్బు చేసింది. హైదరాబాద్ డాక్టరు నన్నొక్కణ్ణే గదిలోకి పిలిచి, ఇక నెలల మాటేనన్నాడు. ఆ రిపోర్టు మడిచి చొక్కా జేబులో పెట్టుకుని బయటికొచ్చి, రక్తం తక్కువుందట, మందులతో సర్దుకుంటుందట అని ఆమెతో చెప్పాను. ఆమె సరేనంది.

ఇంటికొచ్చాక ఈస్టు వాసనకు ఆమెకు వాంతులు మొదలయ్యాయి. సీసా తీసేస్తే మొక్కలు పోతాయని దిగులు పడింది. సిలిండర్ కొందామని ఆటోలో ఇద్దరం దుకాణానికి వెళ్ళాం. నీళ్ళలో వేసే బిళ్ళలున్నాయి గానీ మా తొట్టికి ఆనవన్నాడు దుకాణదారు. నాలుగైదు నెలలొచ్చే చిన్న సిలిండరూ, ఏడాది వచ్చే పెద్దదీ బల్ల మీద పక్కపక్కన నిలబెట్టాడు. పైనున్న మీటరు చూపించి, "ముల్లును సూసి మోసపోకుండ్రి. లోపల గ్యాసున్నన్ని దినాలు గది కదలనే కదలది. అయిపొయ్యేటప్పుడు రెండు మూడు దినాలల్ల పడిపోతది" అన్నాడు.

నా భార్య చిన్న సిలిండర్ మీద చెయ్యి వేసింది.

"చిన్నదే సాలు. ఏడాదొచ్చేది నాకెందుకు?"

"అట్లంటవేందమ్మా, పెద్దదైతే నిశ్చింత" అని అతను నవ్వాడు, పాపం, ఏమీ తెలియక. ఆమె నావైపు చూడలేదు. ఆమెకు అంతా తెలుసని నాకప్పుడు అర్థమైంది. అక్కడే ఆమె చెయ్యి పట్టుకుని నిజం చెప్పేయవలసింది. నా నోటి నుంచి మాత్రం "పెద్దదే ఇయ్యి" అన్న మాట వచ్చింది. అంతే.

సిలిండర్ బిగించాక తొట్టి అంత అందంగా ఎన్నడూ లేదు. సెకనుకో బుడగ చొప్పున నేను సిలిండర్ మర తిప్పి పెడితే, ఆమె ఎదురుగా కూర్చుని ఏ ఆకు ఎర్రబడిందో, ఏ చేప ముభావంగా ఉందో చెప్పేది. చివరి వారం దాకా తన టీ తానే పెట్టుకుంది. తర్వాత మూడు రోజుల్లో అయిపోయింది.

ఆమె పోయాక ఇంకో ఏడు నెలలు ఆ సిలిండర్ నడిచింది. మొక్కలు తొట్టినిండా అల్లుకుపోయాయి. కత్తిరించాలని కత్తెర నీళ్ళలో పెట్టేవాణ్ణి, తీసేసేవాణ్ణి. ముల్లు పడిపోయిన రోజు చేపల్ని పక్కింటివాళ్ళకిచ్చి, తొట్టి ఖాళీ చేశాను.

ఇప్పుడు రిపోర్టు ముందు రోగి ఫోనుకే వస్తోంది. పిల్లలు పక్కన కూర్చుని చదివి చెబుతారు, అందరూ కలిసి ఏడుస్తారు, ఆ తర్వాత కలిసే అన్నం తింటారు. ఇవేం రాతిగుండెలని మొదట్లో అనుకునేవాణ్ణి. మా తరం వాళ్ళకు దాచిపెట్టడమే ప్రేమ. ఆమెకు తెలుసని నాకు తెలుసు, నాకు తెలుసని ఆమెకూ తెలుసు. అయినా ఆ ఐదు నెలలూ ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుని, ఆకుల గురించీ చేపల గురించీ తప్ప మేమిద్దరం ఇంకేమీ మాట్లాడుకోలేదు.