తొమ్మిదో ఫైలు

ఎంటర్ కొట్టే ముందు పుణ్యవతి గారు తెర మీద వేలు పెట్టి, తాను టైపు చేసిన కమాండ్‌ను ఒక్కో మాటా పైకి చదువుకుంటారు. కొత్తగా చేరినవాళ్లు నవ్వుతారు. నాకు ఒళ్లు మండుతుంది. ఆ అలవాటు ఎందుకు వచ్చిందో పక్క కుర్చీలో కూర్చుని చూసినదాన్ని నేను.

ఆవిడది ఏలూరు. ఇరవై ఏళ్లు కాలువల లెక్కలు చేత్తో వేసి, నలభై అయిదో ఏట యునిక్స్ కంప్యూటర్లు నేర్చుకున్న మనిషి. తొంభై తొమ్మిదిలో మాదాపూర్‌లోని మా ఆఫీసుకు ఒక చెరువు పని వచ్చింది. ఎంత వాన దాకా కట్ట ఆగుతుందో కంప్యూటర్‌లో తేల్చాలి. ఒక సెంటీమీటరు నుంచి నలభై దాకా, ఒక్కో వానకు ఒక్కో లెక్క. ఒక్కోదానికి మెషిన్ మూడు రోజులు తినేది. కట్ట ఆగదని మా రిపోర్టు చెబితేనే నీటిపారుదల శాఖ వాళ్లు వానలకు ముందు ఎత్తు పెంచుతారు. ఆ కట్ట కింది బస్తీలోనే మా వాచ్‌మన్ సాయిలు ఇల్లు.

"మీ కంప్యూటర్ ఏమంటున్నది మేడం?" అని అతను రోజూ ఆవిడను అడిగేవాడు.

"పద్దెనిమిది దగ్గర నీళ్లు కట్ట దాటుతున్నాయి. కాగితం పంపిస్తాం, బాగుచేస్తారు."

"గట్లయితే ఇగ ఫికర్ లేదు."

నాలుగు నెలలకు లెక్కలన్నీ ముగిశాయి. మర్నాడు పొద్దున్నే రిపోర్టు ఇవ్వాలి. భద్రంగా టేపు మీదికి ఎక్కించే ముందు నలభై ఫైళ్లనూ ఒక్కొక్కటిగా 'ఫలితాలు' అనే డైరెక్టరీలోకి, ఇప్పటి మాటలో ఫోల్డర్‌లోకి, జరపమని ఆవిడ కమాండ్ ఇచ్చారు. ఆ డైరెక్టరీని ముందురోజే చేశారు, కానీ పక్క మెషిన్ మీద. ఇక్కడ అది లేదు. దాంతో మెషిన్ మొదటి ఫైలు పేరునే 'ఫలితాలు' అని మార్చింది. రెండోది వచ్చి మొదటిదాన్ని తుడిచేసింది, మూడోది రెండోదాన్ని. తుడవనా అని యునిక్స్ అడగదు. ఫైళ్లకు వాన అంకెలే పేర్లు; వాటిని అది విలువను బట్టి కాక మొదటి అక్షరాన్ని బట్టి తీసుకుంటుంది, కాబట్టి 4తో మొదలయ్యే 40 ముందే అయిపోయి 9 చివర వచ్చింది. మిగిలింది ఆ తొమ్మిది సెంటీమీటర్ల వాన ఒక్కటే.

కాగితం దండగని మా మేనేజర్ శ్యామ్ ప్రింట్లు కూడా తియ్యనివ్వలేదు, మహానుభావుడు.

"తొమ్మిదికి కట్ట ఆగుతుంది. అది అబద్ధం కాదు కదండీ. అదే రాయండి," అన్నాడు.

"పద్దెనిమిదికి దాటుతుందండీ. నా కళ్లతో చూశాను."

"ఫైలు ఏదండీ మరి?"

భారీ వానలకు మళ్లీ లెక్క కట్టాలని ఆవిడ రిపోర్టు చివర ఒక వాక్యం రాస్తే, అతను కొట్టేశాడు. ఆవిడ సంతకం పెట్టారు. ఆ కింద నేనూ పెట్టాను. ఉద్యోగం పోతుందన్న భయం, ఇంకేముంది.

ఆవిడ పద్దెనిమిదో లెక్కను మళ్లీ నడిపించారు. నాలుగో రోజు ఫలితం కాగితం పట్టుకుని వెళితే, "వెళ్లిపోయిన రిపోర్టు మారుస్తామంటే మన పరువేం కానండీ?" అన్నాడు శ్యామ్. కాగితం ఆవిడ డ్రాయర్లోకి పోయింది.

"పంపిన్రా మేడం?" అని ఆ సాయంత్రం సాయిలు గేటు దగ్గర అడిగాడు.

"పంపించాం," అన్నారు ఆవిడ, చెప్పుల వైపు చూస్తూ. నేను గేటు దాటి ముందుకు నడిచాను.

వానాకాలం అయ్యేదాకా కొత్తగూడలో కిరాయికి ఉందామని అతని భార్య నర్సమ్మ పోరు పెట్టింది. మేడం కాయితం పంపింది, నువ్వెందుకు పరేషాన్ అయితవ్ అన్నాడట సాయిలు. ఆగస్టులో ఒక తెల్లవారుజామున, సాయిలు ఇక్కడ రాత్రి డ్యూటీలో ఉండగా, కట్ట తెగింది. నర్సమ్మ శవం దొరికేసరికి మధ్యాహ్నమైంది.

పదిహేను రోజులకు అతను మళ్లీ డ్యూటీకి వచ్చాడు. పుణ్యవతి గారిని చూడగానే లేచి నిలబడ్డాడు.

"మీరు పంపిన్రు మేడం. ఆళ్లే సదవలే."

ఆవిడ పైకి వెళ్లి డ్రాయర్లోని కాగితం తెచ్చి అతని చేతిలో పెట్టారు. "ఇది పంపలేదు సాయిలూ. నా చేత్తో పోగొట్టాను. మళ్లీ దొరికినా పంపలేదు."

అతనికి ఇంగ్లీషు రాదు. ఆ అంకెల వైపు చాలాసేపు చూశాడు.

"పంపినమని చెప్పిన్రు గద మేడం," అన్నాడు.