వెలుతుర్లో చూడని తెర

మాది తిరుత్తణిలో నేతపని ఇల్లు. చీర కొనడానికి ఎవరొచ్చినా దాన్ని వాకిట్లోకి తీసుకుపోయి, ఎండలో రంగు చూసుకున్నాకే బేరం మొదలుపెడతారు. అది చూస్తూ పెరిగినదాన్ని, ల్యాప్‌టాప్ కొనేనాడు ఆ సంగతే మరిచిపోయాను. మరిచిపోవడం కూడా కాదు, సిగ్గుపడ్డాను.

ఉద్యోగానికి రోజూ చెన్నైకి పోను రెండు గంటలు, రాను రెండు గంటలు రైలు. దారిలో సినిమాలూ సీరియళ్లూ చూసుకోవచ్చని, మోయడానికి తేలికైనది చూద్దామని తిరువళ్లూరులో ఒక అంగడికి పోయాను. అక్కడి తెల్లటి లైట్ల కింద ఒక తెర కొత్త పట్టుచీరలా మెరిసింది. "ఒకసారి వీధిలో పెట్టి చూస్తాను, అన్నా" అనే మాట నోటిదాకా వచ్చింది. నవ్వుతారేమోనని మింగేశాను.

ఇంటికి తెస్తే, పెట్టె విప్పకముందే అమ్మ అడిగింది.

"వెలుతుర్లో చూసినావా?"

"ఇది చీర కాదుమా," అన్నాను విసుగ్గా.

మర్నాడు రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది. సినిమా పెట్టుకున్నాను. ఎండ నేరుగా తెర మీద పడింది. మాటలు వినిపిస్తున్నాయి గానీ మనుషులు లేరు. వాళ్లకు బదులు కిటికీ ఊచలూ, సరిగ్గా దువ్వుకోని నా తలా కనిపించాయి. అరక్కోణం దాకా అటూ ఇటూ వంచి చూసి, మూసి సంచిలో పెట్టేశాను. ఇప్పుడు రోజూ అంతే, మోయడం మాత్రం తప్పదు.

ఎలా ఉందని అమ్మ అడిగితే బాగుందనే చెబుతాను. అది అబద్ధం కాదు. ఇంటికొచ్చాక తెర చక్కగా కనిపిస్తుంది. అప్పటికి నా కళ్లే తెరుచుకోవు.