రాహుకాలంలో రెండు సీట్ల కారు

ఎనభైలలో మేము అద్దెకున్న ఇల్లు దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్బీనగర్‌కూ మధ్య, హైవే నుంచి కాస్త లోపలికి ఉండేది. అంతకు ముందు అదంతా మా ఓనరు గారి ద్రాక్షతోట. తోట పోయి ప్లాట్లు వచ్చాయి గానీ, తీగలు పాకించిన రాతి కడీలు ఖాళీ జాగాల్లో అక్కడక్కడ ఇంకా నిలబడే ఉండేవి. ఏ వీధిలో చూసినా ఇసుక కుప్ప, ఇటుకల వరస, నీళ్ళ డ్రమ్ము. ఊరు ఊరంతా ఒకేసారి ఇల్లు కట్టుకుంటున్నట్టు ఉండేది. అలాంటి చోట, మా ఇంటి ముందు జాగాలో, ఇంగ్లండులో తయారైన పాత స్పోర్ట్స్ కారు ఒకటి అమ్మకానికి పెట్టి ఉండేది.

అది వచ్చిన తీరే వింత. ఓనరు గారు కొత్త ఇంటికి టేకు తలుపులు కొందామని పాతబస్తీలో కూలగొడుతున్న ఒక దేవిడీకి, అంటే నవాబుల నాటి భవంతికి, వెళ్ళాడు. అక్కడ గుర్రపుశాలలో ఈ కారు కనిపించింది. సీట్లలో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్నాయి. తలుపుల సంగతి మరిచిపోయి కారును లారీ మీద వేసుకొచ్చాడు. మూసారాంబాగ్ మెకానిక్కు ఒకాయన రెండేళ్ళు దానితో కుస్తీ పట్టి బతికించాడు. ముదురు ఆకుపచ్చ రంగు, సైకిలు చక్రాల్లా పుల్లలున్న చక్రాలు, పొడుగాటి ముక్కు మీద తోలు పట్టీ, చెక్క స్టీరింగు. ఉన్నవి రెండే సీట్లు. పైకప్పు మడిచేస్తే ఇక పైన ఆకాశమే.

ఆ పైకప్పును టార్పాలిన్ గుడ్డతో కుట్టింది ఓనరు గారి అక్క. సీట్ల తోలు కుట్టిందీ, లైట్ల అంచులు ముగ్గుపిండితో తోమి మెరిపించిందీ ఆమే. భర్త పోయాక తమ్ముడి ఇంటికి వచ్చేసిన మనిషి. నలభై దాటిన వయసు, బలమైన చేతులు, పెద్ద నవ్వు. నన్ను చెల్లె అనేది, నేను అక్కా అనేదాన్ని. కారుకు ఇంత చేసిన ఆమె అందులో ఒక్కసారి కూడా కూర్చోలేదు. భర్త పోయిన మనిషి అందులో కూర్చుంటే కొనేవాడు రాడట!

కారు ఎందుకు అమ్మాలంటే, అది నిలబడిన చోట మల్గీలు కట్టాలి. వీధిలో అందరూ ఇంటి ముందు దుకాణాల గదులు కట్టి కిరాయికి ఇస్తున్నారు. ఓనరు గారి భార్య దసరా దాకా గడువు పెట్టింది. కారన్నా పోవాలి, తనన్నా పుట్టింటికి పోవాలి.

కొనేవాళ్ళు వచ్చినప్పుడల్లా ఒక తతంగం జరిగేది. ముందుగా అక్కను వెనక గదిలోకి పంపి తలుపు దగ్గరగా వేసేవారు. తర్వాత ఓనరు గారి భార్య పట్టుచీర కట్టుకుని, నిండు బిందెతో, సరిగ్గా వచ్చినాయన గేటులో కాలు పెట్టేవేళకి ఎదురు వచ్చేది. ముత్తయిదువ, నిండు బిందె, అమృత ఘడియలు, అన్నీ కుదిరేవి. బేరం మాత్రం కుదిరేది కాదు. మొదటాయన పెళ్ళాం పిల్లలతో, అత్తగారితో వచ్చి, రెండు సీట్లు చూసి, "మిగిలినోళ్ళను టాపు మీద కూసోవెట్టాల్నంటే టాపు గుడ్డదాయె" అని వెళ్ళిపోయాడు. రెండో ఆయన అందులోకి దిగాడు గానీ పైకి లేవలేకపోయాడు. చాప మీద కూర్చున్నట్టు కాళ్ళు చాపుకొని ఉండిపోతే ఓనరు గారూ నేనూ చెరో చెయ్యీ పట్టి లాగాం. మూడో ఆయన, వర్షం వస్తే ఎలా అని అడిగి, జవాబు వినకుండానే స్కూటరెక్కాడు.

నాకు ఒళ్ళు మండేది. మా నాన్న నన్ను చిన్నప్పటి నుంచీ సంఘసంస్కరణ సభలకు వెంటబెట్టుకు వెళ్ళాడు. వాదం మొదలుపెడితే ఎదుటివాడు ఒప్పుకునేదాకానో పారిపోయేదాకానో వదలకూడదని నేను అక్కడే నేర్చుకున్నాను. మొగుడు చచ్చిపోవడం ఆడదాని నేరమా? చచ్చినవాడు పోగా, బతికున్నదాన్ని తుమ్ముతోనూ పిల్లితోనూ కలిపి శకునాల పట్టీలో రాసుకునే జాతికి సిగ్గుండాలా వద్దా?

ఆ శనివారం ఓనరు గారు మేడ మెట్లెక్కి మా వాటాకి వచ్చాడు.

"మేడం, జర ఒక్క పని జేసి పెట్టాలె. రేపు ఆరింటికి ఒక కంట్రాక్టరు ఒస్తుండు. ఆయన గేట్ల అడుగు వెట్టంగనే మీరు బొట్టు వెట్టుకొని, బిందె వట్టుకొని ఎదురు రావాలె. గంతే."

"మీ ఆవిడ ఉన్నారుగా?"

"మూడు మాట్ల ఒచ్చింది. పనిజెయ్యలే. ఆమెది అయిపోయినట్టున్నది."

"అయిపోవడానికి అదేమన్నా బ్యాటరీయా అండీ?"

ఆయన నవ్వలేదు. నేను ఆగలేదు. "మూడుసార్లూ మంచి శకునమే పెట్టారు. మూడుసార్లూ బేరం చెడింది. మీ లెక్క ప్రకారమే చూస్తే బేరం చెడగొడుతున్నది మంచి శకునం. ఈసారి మీ అక్కగారిని ఎదురు రమ్మనండి."

దవాఖానకు తీసుకుపోవాల్సిన మనిషిని చూసినట్టు చూశాడు. "మీరు సదువుకున్నోళ్ళు, ఏమన్న అంటరు. నాకు మల్గీలు కట్టాలె" అంటూ దిగిపోయాడు.

కాసేపటికి అక్క వచ్చింది. కింద నుంచి అంతా విన్నది.

"మంచిగ కొట్లాడినవ్ చెల్లె. కని నువ్వడిగింది నాకక్కరలే."

"మరేం కావాలక్కా?"

"ఎదురొచ్చుడు కాదు, నడుపుడు. ఒక్కసారి. రేపు ఆ కంట్రాక్టరు కొంటే ఇగ గా కారు నాకు కనవడదు."

భర్త ఉన్న రోజుల్లో ద్రాక్షతోటలో కడీల వరసల మధ్య ఆయన ఆమెకు జీపు నేర్పాడట. ఒక్క కడీ కూడా పడగొట్టలేదని గర్వంగా చెప్పింది.

"ఓనరు గారిని అడుగుదాం పద."

"అడిగితే కాదంటడు. ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు దాక రాహుకాలం. వాడు గా యాళ్ళ కారు ముట్టడు, గడప దాటడు. అంటే గా టైం నాది." నా ముఖంలోకి చూసింది. "ఒస్తవా మరి? ఒట్టి మాటలేనా?"

నా జీవితంలో ఎన్నో వాదాలు విన్నాను. రాహుకాలానికి ఇంత చక్కని ఉపయోగం ఎవరూ చెప్పగా వినలేదు.

ఆదివారం నాలుగున్నర దాటగానే అక్క చీర కుచ్చిళ్ళు దోపుకుని చక్రం ముందు కూర్చుంది. నేను పక్కన దిగాను. ఆ కారులోకి ఎక్కడమనేది ఉండదు, దిగడమే. ఇంజను ఒకసారి దగ్గి, గొంతు సవరించుకుని, గర్జించింది. ఆ చప్పుడుకు ఓనరు గారు బనియనుతో పరుగెత్తుకొచ్చి గడప దగ్గర టక్కున ఆగాడు. రెండు చేతులతో ద్వారబంధం పట్టుకుని ముందుకు వంగాడే తప్ప కాలు బయట పెట్టలేదు.

"అక్కా! ఆగు! రాహుకాలం నడుస్తున్నది!"

"అది గూడ నడుస్తున్నదా? పోటీ పెట్టుకుంటం!" అని అరిచి అక్క గేరు వేసింది.

వీధి దాటేదాకా ఇసుక కుప్పల చుట్టూ మెలికలు తిరిగాం. హైవే ఎక్కాక ఏం జరిగిందో వరసగా చెప్పలేను. గాలి ముందుగా నా జడను, తర్వాత నా హోదాను ఊడదీసింది. మేము ఎంత కింద ఉన్నామంటే, పక్కన పరుగెత్తుతున్న కుక్క నా కళ్ళలోకి సూటిగా చూసింది. లారీల చక్రాలు మా తలకన్నా ఎత్తున తిరుగుతున్నాయి. హయత్‌నగర్ బస్సులో జనమంతా కిటికీల వైపు ఒరిగితే బస్సు కూడా ఒరిగినట్టే అనిపించింది. ఒక లారీ డ్రైవరు సగం బయటికి వంగి, "అక్కా, కిధర్?" అని అరిచాడు. "ఎటన్న!" అని అక్క జవాబు చెప్పింది.

స్పీడు చూపే ముల్లు మైళ్ళలో ఉంది. నేను కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని, ఊరుకోలేక కిలోమీటర్లలోకి మార్చి చెప్పాను. అంకె పెద్దదయ్యేసరికి అక్కకు హుషారు పుట్టి ఇంకా తొక్కింది. నేను మళ్ళీ మార్చాను. ఆమె మళ్ళీ తొక్కింది. ఎల్బీనగర్ చౌరస్తా వెనక్కి పోయింది, ఇళ్ళు పల్చబడ్డాయి, ఈతచెట్లు మొదలయ్యాయి. నేను కేకలు పెడుతున్నానని నాకే తెలియలేదు.

"చెల్లె, జర గొంతు దాచుకో! రేపు కాలేజీల పాఠం చెప్పొద్దా?"

ఆమె తల మీది కొంగు ఎప్పుడో జారిపోయింది. ఆ నవ్వు చూస్తే, ఈమెను వెనక గదిలో కూర్చోబెట్టినవాళ్ళ మీద కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు తీరిక దొరకలేదు.

తిరుగు దారిలో మా వీధి మలుపు దగ్గర చెరుకురసం బండి కనిపిస్తే ఆపింది. అక్కడ ఒక అంబాసిడర్ నిలబడి ఉంది. ఖాదీ చొక్కా, బంగారు గడియారం పెట్టుకున్న ఒకాయన గ్లాసు పట్టుకుని మా కారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. మాట విన్నాక కోస్తావాడని తెలిసింది.

"ఏవండీ, ఇది ఎవరి బండండీ?"

"మాదే. అమ్మకానికున్నది" అంది అక్క.

"అమ్మ బాబోయ్! దీనికోసమేనండీ నేను వచ్చింది. రాహుకాలం పోయాక లోపలికొద్దామని ఇక్కడే ఆగిపోయాను."

ఆరింటికి రావలసిన కంట్రాక్టరు ఆయనే. నా గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. అక్క మాత్రం నింపాదిగా రసం తాగి, మూతి తుడుచుకుని, ఆయనకేసి తిరిగింది.

"గట్లయితే జర ఇనుండ్రి. ఈమె మా కిరాయిదారు, కాలేజీల లెక్కలు చెప్తది. నేను కారాయన అక్కను. నా మొగడు పోయి శానేండ్లాయె. నేనెదురొస్తే బేరం చెడ్తదని మా తమ్ముడు నన్ను ఎనక అర్రల కూసోవెడ్తడు. ఇప్పుడు మీకెదురొచ్చిన, అది గూడ రాహుకాలంల. మల్లిపోతరా, ఇంటికొస్తరా గిక్కడ్నే చెప్పుండ్రి. మీరు మల్లిపోతె, మీకోసం మా తమ్ముడు తెచ్చిన మిఠాయి మేమన్న తింటం."

చెరుకు గానుగ తిప్పేవాడు తిప్పడం మానేశాడు. కంట్రాక్టరు గడియారం చూసుకున్నాడు. కారును చూశాడు. మళ్ళీ గడియారం చూసుకున్నాడు. నా నాలుక చివర ఒక మహోపన్యాసం సిద్ధంగా ఉంది. అక్క నా మోచెయ్యి గిల్లి ఊరుకోమంది.

ఆయన ఉన్నట్టుండి నావైపు తిరిగాడు. "మేడం గారూ, మైనస్ ఇంటూ మైనస్ ఎంతండీ?"

"ప్లస్" అన్నాను, అలవాటు కొద్దీ.

"అదండీ సంగతి! రాహుకాలం ఒక మైనస్. ఈవిడ ఎదురు రావడం, ఏమీ అనుకోకండమ్మా, ఇంకో మైనస్. రెండూ కొట్టుకుపోయాయి. దివ్యమైన శకునం!"

"అయ్యా, అది అంకెలకండీ! మనుషుల్ని హెచ్చవేయకూడదు. అసలు ఈవిడ మైనస్ అని ఎవరు చెప్పారు మీకు?"

"సూత్రం సూత్రమేనండీ. మీరే చెప్పారు కదా" అంటూ ఆయన అప్పటికే నా సీటులోకి దిగుతున్నాడు. అక్క నాకేసి కన్ను గీటి గేరు వేసింది. చేతిలో మూడు ఖాళీ గ్లాసులతో నేను రోడ్డు పక్కన నిలబడిపోయాను.

నాకు జరిగింది అర్థమైంది. అంతకు ముందు వచ్చినవాళ్ళు కారును ఇసుక కుప్ప పక్కన కదలకుండా నిలబెట్టిన వస్తువుగా చూశారు. ఈయన అది హైవే మీద పరుగెత్తుకు రావడం చూశాడు. మనసు ముందు కావాలనుకుంటుంది. కారణాలు ఆ తర్వాత, పెళ్ళివారి వెనక బ్యాండువాళ్ళలా, ఊదుకుంటూ వస్తాయి. ఆయన మనసు కారెక్కింది, బ్యాండుకు నా ఆల్జీబ్రా దొరికింది.

వాళ్ళిద్దరూ హైవే మీద ఒక చుట్టు చుట్టి వచ్చారు, ఆరు దాటాక అందరం ఇల్లు చేరాం. అక్కా, కంట్రాక్టరూ ఆ కారులో, నేను ఆయన అంబాసిడర్‌లో, డ్రైవరు వెనక. ఓనరు గారు ఇప్పుడు గడప దాటి గేటు పట్టుకుని ఉన్నాడు. వెనక ఆయన భార్య నిండు బిందెతో, ఎవరికి ఎదురు రావాలో తోచక నిలబడి ఉంది. కంట్రాక్టరు, వెంట్రుకలన్నీ నిక్కబొడుచుకుని, కారులోంచి బయటపడుతూనే, "బండి నాదండీ" అన్నాడు. ఓనరు గారు ఆయన్నీ అక్కనూ మార్చి మార్చి చూసి, మెల్లగా మెట్టు మీద కూలబడ్డాడు.

కారు తీసుకెళ్ళిన రోజున కంట్రాక్టరు పట్టుబట్టి రాహుకాలంలోనే వచ్చాడు. ఓనరు గారు గడప లోపల నుంచే, "అక్కా, ముంగటికి రా, నువ్వే ఎదురు రావాలె" అని పిలిచాడు. ఇన్నేళ్ళలో ఆ మాట ఆ ఇంట్లో వినపడడం అదే మొదలు. అక్క వచ్చి కారు ముక్కు మీది తోలు పట్టీని సర్ది, "మూడో గేరుల జర మొండికేస్తది, కోపం జెయ్యకుండ్రి" అని కంట్రాక్టరుతో చెప్పింది. హైవే మీద దాని చప్పుడు వినపడినంతసేపూ గేటు దగ్గరే ఉంది. తర్వాత అక్కడ మల్గీలకు పునాది తవ్వారు.

కథ ఇక్కడితో అయిపోతే నేను గెలిచినట్టే. అవలేదు. పది రోజుల్లో వీధి చివరి ఇంటాయన, కొన్న రోజే కొత్త స్కూటరు తోసుకుంటూ వచ్చాడు. దానికి దండ, పసుపు, నిమ్మకాయలు.

"అక్కా, జర ఎదురొస్తవా? నీ ఎదురు శాన మంచిగున్నదట. రాహుకాలమైతే ఇంక మంచిదట గద?"

నేను మేడ మీంచి ఒక్క పరుగున దిగాను. నిన్నటిదాకా తోసేశారు, ఇవాళ మొక్కుతున్నారు, రెండూ ఒకటే జబ్బు, మనిషిని శకునం చేసే జబ్బు అన్నాను. చాలా అన్నాను. ఆయన ప్రతి మాటకీ శ్రద్ధగా తల ఊపాడు.

"కరెక్టే మేడం. మూఢనమ్మకాలు అసలే ఉండొద్దు. అక్కా, మరి రాహుకాలానికొస్తవా?"

"ఎదురొచ్చుడు నాతోని కాదు" అంది అక్క. "తాళం ఇయ్యి, నడిపిచ్చి చూస్త. గట్లయితే ఒస్త."

ఆయన తాళం ఆమె చేతిలో పెట్టాడు. అక్క నిమ్మకాయలు తీసి ఆయనకే ఇచ్చి, కుచ్చిళ్ళు దోపుకుని స్కూటరెక్కింది. నేనింకా మాట్లాడుతూనే ఉన్నాను.

"నీ మాట నూటికి నూరుపాళ్ళు నిజం చెల్లె" అంటూ కిక్కు కొట్టింది. "మిగిలింది ఎనక కూసొని చెప్పు."