మూడు నిమిషాల్లో మా బావను ఓడించాలని

మా బావను ఒక్కసారి ఓడించాలి. ఒక్కటంటే ఒక్కసారి. ఆ నెల రోజులూ నాకు వేరే ధ్యాస లేదు. అక్కా బావా సూరత్‌ బమ్రోలిలో గది ఖాళీ చేసి సిరిసిల్లకు వెళ్ళిపోతున్నారు. మోకాళ్ళు అరిగిపోయాయి, ఇక పన్నెండు గంటలు నిలబడలేనని బావ మా యజమాని శేఠ్‌కు చెప్పేశాడు. మూడేళ్ళుగా మేమిద్దరం ఫోన్లలో మూడు నిమిషాల చదరంగం ఆడుతున్నాం. చెరి మూడు నిమిషాలు, ఎవరి గడియారం ముందు అయిపోతే వాళ్ళు ఓడినట్టే. ఎన్ని ఆటలు ఆడామో లెక్క లేదు గానీ నేను గెలిచినవి ఎన్నో బాగా గుర్తు. సున్నా.

మేమిద్దరం ఒకే ఖాతాలో పనిచేసేవాళ్ళం. సూరత్‌లో మగ్గాల షెడ్డును ఖాతా అంటారు, మరమగ్గాన్ని మావాళ్ళు సాంచా అంటారు. తలా ఎనిమిది సాంచాలు. పోగు తెగినా, కండె అయిపోయినా సాంచా ఆగిపోతుంది, పరుగెత్తుకెళ్ళి నడిపించాలి. అందుకే మాకొక జబ్బు పట్టుకుంటుంది. లోకమంతా చప్పుడైతే నిద్ర లేస్తుంది, మేం చప్పుడు ఆగితే లేస్తాం. పెళ్ళిలో బ్యాండువాళ్ళు పాట మధ్యలో ఆపితే అన్నం విస్తరి ముందు నుంచి లేచి నిలబడ్డవాణ్ణి నేను. పక్కవాళ్ళు పెరుగు కావాలేమో అనుకున్నారు.

ఇక బావ ఆట. చూస్తే ఏమీ ఉండదు. అదే నాకు ఒళ్ళు మండేది. నా ఆట నా కోపంలాంటిదే, గుర్రాన్ని తీసుకెళ్ళి రాజు ముందు పడేస్తాను, మంత్రిని ఊరేగిస్తాను, పది ఎత్తుల్లో అవతలివాడి కోట కూలిపోవాలంతే. బావ ఆ గుర్రాన్ని తీసి పక్కన పెడతాడు. ఒంటెకు ఒంటె, ఏనుగుకు ఏనుగు మార్చుకుంటాడు. చివరికి ఒక బంటు మిగులుతుంది, అది నింపాదిగా నడుచుకుంటూ చివరి గడికి పోయి మంత్రి అయి కూర్చుంటుంది. అప్పటికి నా గడియారంలో ఆరు సెకన్లుంటాయి, ఆయన దాంట్లో నిమిషంపైన. యాప్‌లో ఆయన రేటింగు రెండు వేల పైచిలుకు. నేను పద్నాలుగు వందల దగ్గర ఏడాదిన్నరగా బురదలో బండిలా దిగబడి ఉన్నాను.

"ఇదేం ఆట బావా, ఒక్క మంచి ఎత్తు లేదు" అన్నానొకసారి.

"బట్ట మంచిగ నేసినోన్ని ఎవ్వడన్న మెచ్చుకుంటడారా? ఖరాబు నేసినోన్నే పిలిచి తిడ్తరు. తిట్లు పడకుంట ఆడాలె, గంతే."

వాళ్ళు వెళ్ళిపోతున్నారని తెలిసిన రోజు వరసగా ఏడు ఆటలు ఓడిపోయి ఫోన్ మంచం మీదికి విసిరాను. అది మంచం మీద ఆగకుండా గోడకు తగిలి అద్దం పగిలింది. నెట్‌వర్క్ బాగా లేదన్నాను.

"ఆడలేనోనికి మద్దెల ఓడు" అన్నాడు బావ.

"నువ్వు రైలెక్కేలోపు నిన్ను ఓడించకపోతే అడుగు."

రొట్టెలు చేస్తున్న అక్క వెనక్కి తిరిగి చూసింది. "నువ్వు గెలిచిన నాడు కిలో మటన్ వండుతా తమ్మీ" అంది.

"గట్లయితే ఈ ఇంట్ల ఇగ పప్పే" అన్నాడు బావ.

అంత మాట అన్నవాడే మర్నాటి నుంచి నాకు నేర్పడం మొదలుపెట్టాడు. ఫోన్ ముట్టుకోనివ్వలేదు. ముందు నీ సాంచాలు చూస్తానన్నాడు. ఖాతాలో మాటలు వినబడవు, సైగలతోనే అంతా. తన డ్యూటీ లేని ఒక పూటంతా ఎడమకాలు చెప్పులోంచి తీసి నేల మీద ఆనించి, గోడ పక్కన నిలబడి నన్నే చూశాడు. ఆ వరుసలో ఏ సాంచా ఆగినా నాకంటే ముందే వేలు పెట్టి చూపించేవాడు. చాయ్ తాగడానికి బయటికొచ్చాక చెప్పాడు.

"మూడో సాంచ మీద పోగు తెగింది. నువ్వు గాడ నిలబడి మంచిగ, సుతారంగ ముడేసినవ్. గంతల రెండు ఆగిపోయినయ్. ఔనా?"

"ముడి సరిగ్గా పడాలి కదా బావా."

"పడాలె. ఒకటి సరిగ్గ పడేలోపు తక్కిన ఏడు ఏం గావాలె? ఫోన్ల నువ్వు చేసేది గిదే. ఒక్క ఎత్తు కోసం నలభై సెకన్లు నిలబడ్తవ్. జర మంచి ఎత్తు దొరికితే చాలు, ఆడి ముందుకు నడువు. అన్నిటికన్న మంచిది దొరికేసరికి పొద్దుగూకుతది."

పన్నెండేళ్ళుగా రోజూ చేస్తున్న పనిలోనే నా రోగం ఉందని ఎవరైనా అనుకుంటారా? అదే కాదు, ఎత్తు వేసే ముందు ఒక చుట్టు తిరగమన్నాడు, సాంచాల మధ్య తిరిగినట్టే. నా రాజు ఎలా ఉన్నాడు, మంత్రి ఎలా ఉంది, అవతలివాడు ఇప్పుడు కదిపింది ఎటు చూస్తోంది. మూడే చూపులు. మొదట్లో ఆ చుట్టుకే పది సెకన్లు పట్టేది. వారం తిరిగేసరికి కన్ను దానంతటదే తిరగడం మొదలుపెట్టింది.

వీడియోలు చూసి నేను పదకొండు రకాల ఆరంభాలు నేర్చుకున్నాను, గొప్పగా చెప్పుకునేవాణ్ణి కూడా. బావకు రెండే తెలుసు, తెల్లపావులకు ఒకటి, నల్లపావులకు ఒకటి. "రోజుకో డిజైన్ నేస్తే చెయ్యి కుదరది" అన్నాడు. కడుపు మండినా తొమ్మిది వదిలేశాను. దాంతో మొదటి ఎనిమిది ఎత్తులు పది సెకన్లలో అయిపోసాగాయి. ఓడిన ఆటను మళ్ళీ తెరిచి చూడమనేవాడు, కానీ చివర్లో కాదు. "రాజు మాత్ అయిన కాడ ఏముంటదిరా? బట్టకు డాగు పడ్డ కాడ కాదు, పోగు తెగిన కాడ చూడు." చూస్తే నిజమే, నేను ఓడిపోయానని తిట్టుకున్న ఎత్తుకు పదిహేను ఎత్తుల ముందే ఎక్కడో ఒక బంటును ఊరికే తోసి ఉండేవాణ్ణి.

ఒక్క విషయంలో మాత్రం పోట్లాడుకున్నాం. నా ఫోన్‌లో సమయం అయిపోవస్తుంటే టింగుమని గంట మోగుతుంది. అది వినగానే నా వేలు తప్పు గడి మీద పడుతుంది. అయినా అది లేకపోతే సమయం ఎలా తెలుస్తుందని నా వాదన. బావ ఫోన్ లాక్కుని తనే చప్పుడు ఆపేశాడు.

"చెవులతోటి ఆడకు. కండ్లతోటి ఆడు. నాది ఎప్పుడన్న సప్పుడు చేసిందా?"

నిజమే, ఆయన ఫోన్ కుయ్యిమనడం నేనెప్పుడూ వినలేదు. మొండిఘటం అనుకున్నాను.

ఆ తర్వాత చూడాలి నా వేగం. పదిహేను వందలు దాటాను. నాలుగు రోజుల్లో పదహారు వందలు. ఆ రోజు సాంచాల మధ్య ఎగిరి గంతేస్తే పక్క వరుస సాంచాలు నడిపే కారీగర్ నాకు కరెంటు షాక్ కొట్టిందని స్విచ్ దగ్గరికి ఉరికాడు. సూరత్‌లోనే భేస్తాన్‌లో ఉండే మన తెలుగువాళ్ళు ఆదివారాలు ఫోన్లలో పోటీ పెట్టుకుంటారు, అక్కడ బ్యాంకు ఉద్యోగం చేసే ఒకాయన నన్నెప్పుడూ మనిషిగా చూసేవాడు కాదు. ఆయన మీద ఒకే పూట మూడు గెలిచాను. మూడూ బావ మార్కు ఆటలే, మెరుపులేమీ లేవు, మార్చుకోవడం, బంటును నడిపించడం. ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, "మీ ఆట భలే విసుగ్గా ఉందండీ" అన్నాడు. జన్మలో ఇంత పొగడ్త నాకు దక్కలేదు.

బావ మీద మాత్రం సున్నా సున్నాగానే ఉంది.

రేపు రైలు అనగా ఆఖరి రోజు. మా ఖాతాకు సెలవు. గది గోడకు అవతల ఇంకొకరి ఖాతా ఉంది, వాళ్ళది నడుస్తోంది, ఆ అదురుకు గూట్లో గ్లాసులు సన్నగా కొట్టుకుంటున్నాయి. అక్క కింది వాటాలో వాళ్ళకు సామాను అప్పజెప్పడానికి వెళ్ళింది. కట్టిన మూటల మధ్య మంచం మీద బావ మఠం వేసుకుని కూర్చున్నాడు, నేను ఎదురుగా స్టూలు మీద. మధ్యాహ్నం మూడు గంటలు. నాలుగు ఆడాం, నాలుగూ ఓడాను. ఐదోది మొదలైంది.

ఆ ఆట ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. ఎనిమిది ఎత్తులు చకచకా వేశాను. ప్రతి ఎత్తుకూ చుట్టు తిరిగాను. పద్దెనిమిదో ఎత్తులో బావ ఏనుగును ఒక గడి ఎక్కువ నడిపాడు. నా కన్ను తిరుగుతూ తిరుగుతూ అక్కడ ఆగింది. దాని వెనక గుర్రానికి కాపలా లేదు. తీసుకున్నాను. బావ చేయి గాలిలో ఆగింది. మూడేళ్ళలో ఆ చేయి ఆగడం నేను చూడలేదు. అయినా తొందరపడలేదు, మంత్రికి మంత్రి, ఏనుగుకు ఏనుగు, ఆయన నాకు నేర్పినట్టే ఆయన మీద ఆడాను. నా బంటు నడిచి నడిచి మంత్రి అయింది. ఆయనకు ఒంటరి రాజు. నాకు పదకొండు సెకన్లు, ఒక్క ఎత్తులో మాత్. వేలు మంత్రి మీదికి వెళ్తోంది.

గోడ అవతల సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

ఖాతా లైనులో కరెంటు పోయినట్టుంది, మా ఫ్యాను తిరుగుతూనే ఉంది. నేను లేచి నిలబడ్డాను. నేను లేవలేదు, నా కాళ్ళు లేచాయి. తలుపు వైపు తిరిగి ఒక అడుగు కూడా వేసి, అప్పుడు నాకే నవ్వొచ్చి, బావ కూడా లేచి ఉంటాడని వెనక్కి చూశాను.

బావ లేవలేదు. తల కూడా ఎత్తలేదు. చెవులు గింగురుమనేంత నిశ్శబ్దంలో, ఇరవై ఆరేళ్ళు సాంచాలు నడిపిన మనిషి, ఏమీ జరగనట్టు ఫోన్ వైపే చూస్తూ నా ఎత్తు కోసం ఎదురుచూస్తున్నాడు.

బావ పని మానేస్తున్నది మోకాళ్ళ వల్ల కాదు. మోకాళ్ళకేం కాలేదు. సాంచా ఆగింది వినబడనివాడికి ఏ శేఠూ ఎనిమిది సాంచాలు అప్పగించడు. అందుకే ఆ చెప్పు విడిచిన కాలు, నేల అదురు కోసం. ఇప్పుడా కాళ్ళు మంచం మీద ఉన్నాయి. అందుకే ఆ మూగ ఫోన్, ఆ కళ్ళతో తిరిగే చుట్టు. ఎవరికీ చెప్పకుండా ఎన్నేళ్ళుగా అలా నెట్టుకొచ్చాడో. ఏడుపు ముంచుకొచ్చింది. చూసుకునేసరికి నా గడియారం సున్నా దగ్గర ఉంది. ఆయనకు మాత్ చేసేందుకు పావులే లేవు కాబట్టి యాప్ దాన్ని సమం అని రాసింది.

బావ ముఖం ఎర్రబడింది. "ఏందిరా? గెలిచే ఆట ఇడిచిపెట్టి లేచినవ్. పోతున్నోడని దయ చూపెడుతున్నవా?"

సాంచాలు ఆగాయి బావా, అంటే అయిపోయేది. నా గెలుపు నాది, ఆయన కూడా ఒప్పుకునేవాడు. ఆయన కళ్ళు నా పెదాల మీద ఉన్నాయి. ఎప్పుడూ అక్కడే ఉండేవి, నేనే చూడలేదు.

"కాలు తిమ్మిరెక్కింది బావా" అన్నాను.

బావ పకపకా నవ్వాడు. "మొన్న నెట్‌వర్క్, ఇయ్యాల కాలు. ఆడలేనోనికి..."

"మద్దెల ఓడు" అన్నాను. ముఖం ఎత్తి, ఆయనకు పెదాలు కనబడేలా, నిదానంగా అన్నాను. "ఇంకొకటి పెట్టు."

అప్పుడే అక్క పైకి వచ్చింది. గుమ్మంలోంచి అడగలేదు. మూటలు దాటుకుంటూ, మంచం చుట్టూ తిరిగి బావకు ఎదురుగా వచ్చి, భుజం తట్టి, ఆయన చూశాక అడిగింది. ఇన్నేళ్ళూ అది మురిపెం అనుకున్నాను నేను.

"ఏందయ్యా, మటనా, పప్పా?"

బావ నా వైపు చూశాడు. నేను వేళ్ళతో సున్నా చుట్టి చూపించాను.

"పప్పే" అన్నాడు బావ, వీధి వీధంతా వినబడేలా.