కుదిపి పెట్టిన సీసాలు

ఆ గదిలో ఉద్యోగం దొరికినప్పుడు రైలు పీడ విరగడైందని సంబరపడ్డాను. నాలుగేళ్లు తెల్లవారకముందే లేచి, కేజీఎఫ్ నుంచి బెంగళూరుకు నిలబడి పోయి నిలబడి వచ్చినదాన్ని. రాబర్ట్‌సన్‌పేట బజారులో చెప్పుల అంగడి పైనున్న ల్యాబ్ మా ఇంటికి ఆటోలో పది నిమిషాలు. పెనం మీంచి పొయ్యిలో పడ్డానని తెలియడానికి నెల పట్టింది.

కోలారు టమోటాకు ఎరుపునిచ్చే పదార్థం ఒంటికి మంచిది, కానీ మహా పిరికిది. వెలుతురుకు వెలిసిపోతుంది, గాలికి పాడవుతుంది, నీళ్ళలో కరగనే కరగదు. అందుకని దాన్ని నూనెలో కరిగించి, ఆ నూనెను కంటికి కనపడనంత సన్నని బొట్లుగా కొట్టి, ఒక్కో బొట్టు చుట్టూ పాల ప్రొటీన్ పొర కప్పి నీళ్ళలో నిలిపేవాళ్ళం. కొల్లాయిడ్ అంటారు దీన్ని. పాలలో వెన్న దాగినట్టు దాగితేనే అది కడుపు దాకా క్షేమంగా చేరుతుంది. బడిపిల్లలు తాగే పానీయంలో దాన్ని కలపాలని మా సార్ ఆశ.

అట్లా చేసింది సీసాల్లో నింపితే, కరెంటుతో నడిచే వెచ్చని పెట్టెలో తొంభై రోజులు నూనె విడిపోకుండా నిలవాలి. నిలిస్తే నా కాంట్రాక్టు పొడిగిస్తారు, లేకుంటే మళ్ళీ రైలే. రోజూ పదింటికి చూసి పుస్తకంలో రాయాలి. ఆదివారమైనా, పండగైనా, ఒంట్లో బాగలేకపోయినా సరే. సార్ ఉండేది బెంగళూరులో, ఇక్కడ నేనొక్కదాన్నే. కిటికీలకు నల్ల కాగితం అంటించి ఉండేది, బయట ఎండో వానో తెలిసేది కాదు. ఆ పిరికి ఎరుపుకి కాపలా కాస్తూ నేనూ దానితో పాటు లోపలే ఉండిపోయాను. కొన్ని రోజులు ఊరికే ఏడుపొచ్చేది.

ఇరవై రెండో రోజు ఆదివారం. నేను పోలేదు. ఎక్కడికో షికారు పోయాననుకోకండి. రాగిసంగటి, కోడికూర తిని సాయంత్రం దాకా చాప మీద పడి నిద్రపోయాను. అదీ నా ఘనకార్యం. సోమవారం పోయి, పెట్టె తెరవకముందే ఆదివారం గడిలో 'వేడి సరిగా ఉంది, విడిపోలేదు' అని రాసేశాను.

తర్వాత తెరిచాను. సీసాల పైఅంచున గోరంత మందాన ఎర్రటి వలయం. నూనె విడిపోయింది. ఆ వీధిలో ఆదివారం పగలంతా కరెంటు లేదని చెప్పుల అంగడాయన చెప్పాడు. ఇప్పుడు వలయం సంగతి రాస్తే ఆదివారం రాత అబద్ధమని తేలిపోతుంది.

సీసాలు కుదిపాను. వలయం కలిసిపోయింది. మరుసటి రోజు మళ్ళీ వచ్చింది, మళ్ళీ కుదిపాను. తేలు కుట్టిన దొంగలా నోరెత్తలేక, రోజూ కుదిపి, రోజూ 'విడిపోలేదు' అని రాస్తూ రెండు నెలలు గడిపాను. అంతకుముందు ఆదివారాలు మానలేకపోయేదాన్ని. ఇప్పుడు కుదపని రోజు ఎవరైనా వచ్చి చూస్తారేమోనన్న భయం కూడా తోడైంది.

మా నాన్న బంగారు గనిలో నెత్తి మీది పైరాయి కూలకుండా కొయ్య దూలాలు నిలబెట్టే పని చేసినవాడు. ఒక సాయంత్రం ఆయన దగ్గుమందు సీసా కుదుపుతుంటే "కుదపొద్దు నాన్నా!" అని అరిచాను. ఆయన బిత్తరపోయి చూశాడు. ఇంక దాచలేక అంతా చెప్పేశాను.

"పైరాయిని ఇనుప కడ్డీతో తట్టి చూస్తామమ్మా" అన్నాడు. "గట్టిగా మోగితే బాగుండాది, డొల్లగా మోగితే ఊడుతాది. తట్టకుండానే బాగుండాదని చెప్పేసి పైకి వచ్చేసినోడిని చూసినా."

"వాడికేమైంది?"

"వాడికేమైతాది? కింద నిలబడినోళ్ళు ఇంకోళ్ళు కదా." మందు తాగి మూత బిగించాడు. "నీ సీసాలోది తాగేది ఎవురమ్మా?"

తొంభయ్యో రోజు సార్ వచ్చారు. ఆ పొద్దున నేను సీసాలు కుదపలేదు. ఒకటి తీసి దీపానికి ఎదురుగా పట్టుకున్నారు.

"ఇదేంటమ్మా?"

"ఇరవై రెండో రోజు నుంచి ఇట్లే ఉండాది సార్. నేనే రోజూ కుదిపినాను. ఆ ఆదివారం నేను రాలేదు."

కోప్పడతారని గుండె దిటవు చేసుకున్నాను. ఆయన పుస్తకం మూసి, "ఆ సోమవారమే చెప్పుంటే మళ్ళీ మొదటి నుంచి పెట్టేవాళ్ళం కదమ్మా, అంతే కదా" అన్నారు. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

కాంట్రాక్టు పొడిగించలేదు. ఇప్పుడు మళ్ళీ అదే రైలు, అదే నిలబడటం.

చివరి రోజు నా బదులు చేరిన ఆండర్సన్‌పేట పిల్లకి తాళంచెవి ఇచ్చాను. పుస్తకం తిరగేసి ఆదివారాల గడులు చూసి, "ఒక్క దినం రాలేకపోతే ఏం చేయాలక్కా?" అంది.

"ఆ గడి ఖాళీగా వదిలెయ్యి."

"తిట్టరా?"

"తిడతారు. తిట్లు తిని ఇంటికి పోవచ్చు" అన్నాను. "చూడకుండా నింపినావంటే ఇంగ పోలేవమ్మా."